స్వరూప గురించి నన్నడిగిన రోజు

కోకాపేటలో మా ఫ్లాటుకి ఎదురుగా కొత్త టవర్ కోసం బండ తొలుస్తున్నారు. కిటికీలు మూసినా రాతిపొడి వాసన లోపలికి వస్తుంది. కొంచెం కాలినట్టు, కొంచెం వాన పడబోతున్నట్టు ఉండే ఆ వాసన తగిలిన రోజు ఆఫీసు పని మీద మనసు నిలవదు, మాదాపూర్‌లో మేము అద్దెకున్న ఇల్లు కళ్లముందుకొస్తుంది.

నాన్నకి తణుకు నుంచి బదిలీ అయితే చంద్రయ్య అంకుల్ ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. ఆయన గేదెల్ని పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకి పాలు పోసేవాడు. పెరటిగోడ అవతలంతా బండలే. వానాకాలంలో వాటి సందుల్లో నీళ్లు నిలిచి కప్పలు రాత్రంతా అరిచేవి, వానలు వెనకపట్టాక తంగేడు పూసేది, ఆ వెంటనే సీతాఫలాలు కళ్లు విప్పేవి. ఆంటీ సర్వపిండి చేస్తే అడుగున ఎర్రగా మాడిన పెచ్చు కోసం నేనూ, నా తరగతే చదివే వాళ్లమ్మాయి స్వరూపా కొట్టుకునేవాళ్లం. అమ్మ సున్నుండలు పంపిన గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు. అయినా అమ్మ నాన్నతో, మనుషులు మంచివాళ్లేనండీ, మాటే కాస్త మోటు అనేది. మా ఊరి చుట్టాలు వచ్చినప్పుడు నేను స్వరూప మాట్లాడినట్టు మాట్లాడి చూపించి అందరినీ నవ్వించేవాణ్ణి. గోడ అవతల ఉన్న ఆమెకి వినబడుతుందన్న ఆలోచన నాకు రాలేదు, వచ్చినా మానేవాణ్ణి కాదేమో.

దూరంగా కంప్యూటరు కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి భవనం అంతస్తు మీద అంతస్తు లేస్తుంటే మేము బండల మీద ఆఫీసు ఆట మొదలుపెట్టాం. అన్నిటికన్నా ఎత్తు బండ మేనేజరుది, అంటే నాది. కింది బండ మీద సబ్బుపెట్టె చెవికి ఆనించుకుని స్వరూప ఫోన్లెత్తేది. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే పని ఎప్పుడూ వాళ్ల తమ్ముడిదే. ఎవరికే పనో మేము మాట్లాడుకుని పంచుకోలేదు, మొదటి రోజే ఎవరి చోటికి వాళ్లం వెళ్లిపోయాం.

"ఏందిరో మేనేజరూ, జీతమియ్యవా? జర సీతాఫలమన్న ఇయ్యి" అనేది స్వరూప.

కాని చీకటి పడేవేళ అదే బండ మీద బొగ్గుముక్కతో వృత్తాలూ త్రిభుజాలూ గీసి నాకు లెక్కలు చెప్పింది ఆమే. నాకు అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెరిపి మళ్లీ గీసేది. ఎంపీసీ తీసుకుంటానని, ఆ గుండ్రటి భవనంలో నిజంగానే కంప్యూటరు ముందు కూర్చుంటానని ఎవరడిగినా చెప్పేది.

పదో తరగతి పరీక్షలయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలో సలహా ఇవ్వడానికి మా స్కూలువాళ్లు ఒక సారుని పిలిపించారు. పిల్లల్ని తల్లిదండ్రులతో సహా రమ్మన్నారు. నాన్నకి ఆఫీసుంటే నన్నూ చంద్రయ్య అంకులే తీసుకెళ్లాడు. ఆ సారుది మా వైపు యాస. నన్ను రెండు మాటలడిగి ఎంపీసీ అన్నాడు. స్వరూప విషయం వచ్చేసరికి, ఆడపిల్లకి నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువెందుకండీ, సీఈసీ అయితే ఏ ఆఫీసులోనైనా ముందు టేబుల్ దగ్గర ఉద్యోగం దొరుకుతుంది, ఆ భాష కాస్త మార్చుకుంటే చాలు అన్నాడు. అంకుల్ భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. గా లెక్కల గ్రూపు మా పోరితోని అయితదా?"

అంత పెద్దమనిషి నన్నెందుకడిగాడో అప్పుడే నాకు తెలుసు. నేను ఆ సారు మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ణి.

"కష్టమేమో అంకుల్. సీఈసీ అయితే తేలిగ్గా ఉంటుంది" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. తరగతిలో నాకంటే ముందుండే మనిషి ఇక ఉండదన్న సంతోషం అందులో కొంత. మిగిలినదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎంత ఊహించుకున్నా ఆమె నాకు కింది బండ మీదే కనిపించింది.

స్వరూప సీఈసీ చదివింది, ఇప్పుడొక దవాఖానలో లెక్కలు చూస్తుంది. పోయిన నెల తెల్లాపూర్‌లో వాళ్ల తమ్ముడి గృహప్రవేశంలో కలిస్తే, భోజనాలయ్యాక ధైర్యం చేసి ఆ రోజు సంగతి ఎత్తాను, తప్పు చేశానన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ మామూలుగానే చెప్పింది.

"నువ్వేమన్నవో నాకు యాదికి లేదు. మా నాయిన నిన్నడుగుడు యాదికుంది. నేను ఆడ్నే ఉన్న. నన్ను ఎవ్వరడగలే."

ఆ బండల్ని పేల్చి ఎప్పుడో పునాదుల్లోకి తోలారు. గేదెలూ లేవు, చంద్రయ్య అంకులూ లేడు. అయినా ఆయన తువ్వాలు అంచు రంగుతో సహా ఆనాటి గది నాకు గుర్తుంది. సారు కూర్చున్న కుర్చీ, నా పక్కనున్న కిటికీ, అన్నీ గుర్తున్నాయి. స్వరూప ఆ గదిలో ఎక్కడ నిలబడి ఉందో మాత్రం, తెల్లాపూర్ నుంచి తిరిగొచ్చిన రోజు మొదలు ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.