అక్క గొలుసు తీసినవాడు

జైల్లో అందరూ అతన్ని పెయింటరన్న అంటారు. అసలు పేరు వార్డర్లకే గుర్తుండదు, మనకెందుకు? బయట ఇళ్లకు రంగులు వేసేవాడు. గోడ మీద అతని చెయ్యి పడితే గీత వంకర పోయేది కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. తాగుడు మొదలైంది కూడా ఆ పనిలోనే. రంగులో కలిపే థిన్నర్ వాసనకు గొంతు పట్టేస్తోందని పని దిగాక ఓ చుక్క వేసుకునేవాడు. తర్వాత పని మధ్యలో. ఆ తర్వాత చుక్క పడనిదే చెయ్యి వణికి బ్రష్షు నిలిచేది కాదు. ఇంక గీతలేం గీస్తాడు, నా మొహం!

తాగినవాడు తాగినట్టు ఓ మూల పడి ఉండొచ్చు కదా? ఉండడు. రంగులు వేస్తున్న ఇంట్లోంచే రాగి తీగ పట్టుకుపోయాడు. ఇంకోసారి ఎవరిదో సైకిలు. పోలీసులు వచ్చి అడిగితే తెల్లమొహం వేసేవాడు. ఏమీ గుర్తుండేది కాదు. "తీసే ఉంటాను సార్" అనేవాడు. అంత సులువుగా ఒప్పుకునే దొంగ దొరికితే ఎవరు వదులుతారు?

మూడోసారి పోయింది సొంత అక్క గొలుసు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. బావ మండిపడి కేసు పెట్టాడు. అప్పుడూ "తీసే ఉంటాను" అనే అన్నాడు. ఎక్కడ అమ్మావురా అని పోలీసులు నాలుగు తగిలిస్తే బస్టాండు దగ్గర ఎవరికో అన్నాడు. చిత్రమేమిటంటే, చెప్పగా చెప్పగా అదంతా నిజంగానే కళ్లకు కట్టింది. గుప్పిట్లో గొలుసు బరువు, వేలికి కొక్కెం గుచ్చుకోవడం, అన్నీ.

జైల్లో మందు మాన్పించే డాక్టరు వారం వారం ఖైదీలను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. పెయింటరన్నది ప్రతిసారీ ఒకటే మాట. "అక్క గొలుసు అమ్ముకుని తాగినోణ్ణి సార్. మళ్లీ ముట్టుకుంటే నేను మనిషినే కాదు." ఒళ్లు వణికి, వాంతులై, గోడలు పాకుతున్నట్టు కనిపించిన రోజుల్లో కూడా ఆ మాటే పట్టుకుని వేలాడాడు. దాంతోనే నిలబడ్డాడు. వచ్చే వారం విడుదల. గేటు దాటగానే మొదటి మలుపులో మందు షాపు ఉంది. దాన్ని దాటిపోగలనా లేదా అన్నదే అతని బెంగ.

అలాంటప్పుడు అక్క చూడటానికి వచ్చింది. ములాకాత్ గదిలో ఇనప జాలీకి అటూ ఇటూ జనం, ఒకరి మాట ఒకరికి వినపడక అరుపులు. అక్క శాలువా పక్కకు జరిపి మెడ చూపించింది.

"ఏంటక్కా, కొత్తదా?"

"కొత్తది కాదురా. అదే."

"అదే అంటే?"

"పాత దిండు చిరిగితే దూది తీశాను, అందులో ఉంది. నువ్వు తాగొచ్చినప్పుడల్లా దాచే చోటు మార్చేదాన్ని కదరా. బియ్యం డబ్బాలో, పాత బూట్లో... దిండులో పెట్టి కుట్టేసింది నేనే, మర్చిపోయిందీ నేనే. నువ్వు ఒప్పుకున్నావు కదా అని నువ్వే తీశావనుకున్నాం." వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను క్షమించరా తమ్ముడూ."

మరి బస్టాండు? గుప్పిట్లో ఆ బరువు? గొలుసు తీయలేదంటే రాగి తీగ తీసినట్టా, తీయనట్టా? సైకిలో? ఇంతకీ తను దొంగా, కాదా? సంతోషపడాలా, అక్క మీద అరవాలా? ఏదీ తేలలేదు. అంతలో పిలవకుండానే ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. తప్పేమీ చెయ్యలేదట కదరా, అయితే ఒక్క చుక్క వేసుకుంటే ఏం పోయింది? నోట్లో నీళ్లూరాయి. అదే అతన్ని భయపెట్టింది.

"అది అదేనని నీకు గట్టిగా తెలుసా? బావ అచ్చం అలాంటిదే చేయించాడేమో!"

"చిన్నప్పుడు నువ్వు కొరికిన గాటు కూడా ఉందిరా, చూడు. రేపే స్టేషనుకెళ్లి చెప్తానన్నాడు బావ. నీ మీద మచ్చ పోతుంది."

"వద్దు!" పక్కవాళ్లు కూడా మాటలాపి చూశారు.

"వద్దేంటిరా, పిచ్చి పట్టిందా?"

"ఏమోనక్కా, నాకేం అర్థం కావట్లేదు. నేనే తీశాను కాబట్టే మానేశాను. తీయలేదంటే మరి దేనికి మానేసినట్టు? నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ షాపు దాటేదాకా నేనే తీశాననుకోనివ్వు."

అక్క మెడలోంచి గొలుసు తీసి గుప్పిట్లో దాచుకుంది.

"సరేరా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నువ్వే తీశావు."