మెలిటా అనే పేరు

ఆఫీసులో కొత్తగా చేరినమ్మాయి తన పేరు మెలిటా అంది. గ్రీకు పేరట, తేనెటీగ అని అర్థమట, చాలా అరుదట. నాకు చిన్నప్పుడు కువైట్‌లో చూసిన సల్వా అనే పేట గుర్తొచ్చింది.

ఈశ్వరమ్మ పిన్ని అక్కడ ఒక ఇంట్లో పనిచేసేది. శుక్రవారాలు నాయన, నేను గేటు దగ్గర ఆమెను చూసొచ్చేవాళ్లం. యజమానురాలు, అందరూ మామా అనే ఆమె, పిన్నిని మెలిటా అని పిలిచేది.

"మొదట్లో చేసినామె పేరంట. తర్వాత ఎవరొచ్చినా అదే పేరు."

"వాళ్లంతా యాడికి పోయినారు పిన్నీ?"

"అవన్నీ అడగగూడదు పాపా," అని పిన్ని వెనక్కి చూసింది.

కువైట్‌లో అందరూ ముచ్చటపడే పేరేమో అనుకున్నాను.

మరో శుక్రవారం మామా "మెలిటా" అని కేకేస్తే ఎవరో కొత్తామె వచ్చింది. ఆమె కాళ్లకు పిన్ని చెప్పులున్నాయి. నాయన పిన్ని గురించి అడిగితే, మామా "ఖలాస్" అని గేటు వేసేసింది.

అరుదైన పేరే కావచ్చు. ఆ గేటు లోపల మాత్రం దానికి ఏనాడూ కొదవ లేదు.