మందు పేరుకు కొట్టిన సున్నం

పోయిన నెల మా కోడలు మా ఆవిడ వైద్య కాగితాలన్నిటికీ ఫోటోలు తీసి నా ఫోన్‌లోకి ఎక్కించి, ఇక మీదట ఏ డాక్టరు అడిగినా ఒక్క వేలితో చూపించవచ్చునని చెప్పినప్పుడు బుద్ధిమంతుడిలా తలూపాను గానీ లోలోపల సిగ్గుపడ్డాను. ఎందుకంటే మా ఆవిడకు పడని మందు పేరును ఒకప్పుడు బర్రెల కొట్టం గోడ మీద రాసి, ఆ గోడకు నా చేతులతో నేనే సున్నం కొట్టిన ఘనుణ్ణి నేను.

నవ్వకండి. బార్కస్‌కు పోయే దారిలో ఒక గల్లీ చివర మా పాల కొట్టం ఉండేది. అక్కడ కాగితం నిలిచేది కాదు. తడికి నానకపోతే ఏదో ఒక బర్రె నమిలేసేది. అందుకని మా బాపు గోడ మీద బొగ్గుతో ఒక్కో బర్రెకు ఒక్కో గడి గీసి, ఎప్పుడు ఈనింది, ఏ రోగం వచ్చింది, ఏ మందు పడింది, ఏది పడలేదు, అన్నీ రాసేవాడు. పశువుల డాక్టరు వస్తే ముందు చూసేది బర్రెను కాదు, గోడను. మనుషుల చీటీలు మాత్రం ఇంట్లో మేకుకు వేలాడే ప్లాస్టిక్ సంచిలో ఉండేవి. డాక్టరు అడిగితే సంచిని ఆయన బల్ల మీద గుమ్మరించేవాళ్లం. మీ ఇంట్లోనూ అలాంటి సంచి ఒకటి ఉండే ఉంటుంది.

మా పెద్దవాడు పుట్టిన ఏడాది మా ఆవిడకు జ్వరమొస్తే నయాపూల్ దగ్గర ఒక డాక్టరు సూది వేశాడు. ఐదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, మొహం ఉబ్బి, ఊపిరి అందకుండా పోయింది. ఆయనే ఇంకో సూదితో మనిషిని నిలబెట్టి, పడని మందు పేరు చీటీ మీద రాసిచ్చి, ఇది మళ్లీ వేస్తే దక్కదు, ఎక్కడికి పోయినా ముందు ఈ చీటీయే చూపించమన్నాడు. సంచిలో వేస్తే కలిసిపోతుందని నా భయం. గోడయితే నమ్మకం. అంచేత అక్షరం అక్షరం చూసుకుంటూ చివరి గడిలో బొగ్గుతో దింపాను. చీటీని ఏం చేశానో ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ గోడను చూసి, “బర్రెల లైన్ల నిలబెట్టినవా నన్ను? రేపటికెల్లి గడ్డి గిట్ల ఏస్తవా ఏంది?” అంది.

బోనాల పండుగకు ముందు మా గల్లీలో సున్నం పడని గోడ ఉండేది కాదు. ఏటా బాపే గడులన్నిటినీ పలకల మీదికి ఎక్కించుకుని, సున్నం ఆరాక మళ్లీ గోడకు దింపేవాడు. ఆయనకు నడుము పట్టేసిన ఏడు ఆ పని నాకొచ్చింది. మహా జాగ్రత్తగా చేశాను. పన్నెండు బర్రెలు, పన్నెండు గడులు, అంతా సరిపోయింది. పదమూడో గడి మనిషిదని మరుసటి ఏటి సున్నం కూడా పడ్డాక గాని గుర్తు రాలేదు.

గుర్తు చేసింది పత్తర్‌గట్టి వెనక ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ. మా ఆవిడకు అపెండిక్స్ వాచింది, పగిలేలోపు ఆపరేషన్ చేయాలి, పడని మందేదైనా ఉందా అని అడిగింది. మందు ఉంది, పేరే లేదు. నయాపూల్ డాక్టరు అప్పటికే దవాఖాన మూసి ఎటో వెళ్లిపోయాడు. మందు పేరు మరిచిన మందమతిని నేను.

“గోడ మీద రాసిన, డాక్టరమ్మా.”

“అయితే పోయి గోడ పట్టుకరాండి!”

స్ట్రెచర్ మీద మెలికలు తిరుగుతూనే మా ఆవిడ అందుకుంది: “గౌరికి ఏ మందు పడదో అడుగుండ్రి మేడమ్, గడగడ చెప్తడు. గౌరంటే మా బర్రె.”

నిజమే, చెప్పగలను.

ఆటోలో కొట్టానికి ఉరికి తాపీ అందుకున్నాను. తాపీగా మాత్రం కాదు. చెక్కగా చెక్కగా అరచేయంత సున్నపు పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనక బొగ్గు అక్షరాలు తిరగబడి అంటుకుని ఉన్నాయి, అదీ సగం పేరే. తువ్వాలులో చుట్టి తెచ్చి ఇస్తే డాక్టరమ్మ చేతి అద్దం ముందు పట్టి చదివి, ఆ సగంతోనే మందును పోల్చుకుంది. నవ్వలేదు. నర్సును పిలిచి, అప్పటికే సిద్ధం చేసి ఉంచిన సూదిని పారేయించి, వేరే మందు తెప్పించింది. ఆపరేషన్‌కు ముందు వాళ్లు ఎప్పుడూ వేసేది ఆ మందేనట. పారేసిన ఆ సూదిని చూశాక నేను గోడకు ఆనుకున్నాను.

మా ఆవిడ బతికింది. బతికి, ఆనాటి నుంచి ఏ పెళ్లికి పోయినా, ఏ చుట్టం వచ్చినా, “నా పానం మీద సున్నం కొట్టిండు గీయన” అని చెబుతూనే ఉంది. నేను తలొంచుకుని కూర్చునేవాణ్ణి.

మొన్న మోకాళ్ల నొప్పులకని తీసుకెళ్తే, కౌంటరులో అమ్మాయి మా ఆవిడ ఫైలు తెరవాలంటే నా ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పాలంది. బాపు గోడను కొట్టంలో అడుగుపెట్టిన ఎవరైనా చదివేవారు. పాలకొచ్చినవాళ్లు కూడా నిలబడి చదివి, గౌరికి ఎట్లుందని అడిగి పోయేవారు. ఇప్పుడు మనిషి ఒంటి సంగతులకు ఆరంకెల తాళం పడింది. భద్రమే, కాదనను, కాకపోతే ఎట్లుందని అడిగేవాళ్లు తగ్గారు.

అంకెలు వచ్చాయి. నేను ఫోన్‌ను గుండెకు ఆనించుకుని, “గీయన లేకుంటె నా ఫైలే తెర్సుకోదు అని ఒక్కసారి అను,” అన్నాను. వెనక లైన్లో వాళ్లంతా చూస్తున్నారు. ఆవిడ పళ్లు కొరుకుతూ అంది.

“గట్టిగ. ఇనవడలే,” అన్నాను.

రెండోసారి అనేలోపు ఆ అంకెలకు గడువు దాటిపోయింది. ఏం ఫికర్ లేదు, మళ్లీ పంపమ్మా అని ఆ అమ్మాయికి చెప్పి, అవి వచ్చేదాకా మా ఆవిడతో మూడోసారి కూడా అనిపించాను.