పండరికి పోని ఏడు

1958 ఏప్రిల్‌లో నన్ను ఆదిలాబాద్ జిల్లా ముథోల్ తాలూకాకు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. రాష్ట్రాల పునర్విభజనలో ఆ తాలూకా మన వైపుకు వచ్చి రెండేళ్లయినా నిండలేదు. కచేరీలో పాత కాగితాలు ఉర్దూలో, ఊళ్లో మాటలు సగం మరాఠీలో, నా ఉత్తర్వులు తెలుగులో ఉండేవి. నా పైన జిల్లా హెల్త్ ఆఫీసరు, నా కింద ఒక వ్యాక్సినేటరు, తిరగడానికి ఒక సైకిలు. నాకు ఇరవై ఆరేళ్లు. ఇన్‌స్పెక్టరు అన్న మాట ముందు శానిటరీ అని ఒకటుందని జనం మరిచిపోతే బాగుండునని అనుకునే వయసది.

నాకు అప్పజెప్పిన పని నారికురుపు సర్వే. ఈ తరానికి ఆ జబ్బు తెలియదు, తెలియకపోవడమే మంచిది. కాలి మీద బొబ్బ లేచి చితుకుతుంది, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. మందు లేదు. పుల్లకు చుట్టి రోజూ కొద్దికొద్దిగా లాగాలి. తెగిందా, కాలు వాచి మనిషి మంచాన పడతాడు. కురుపు కాలు నీళ్లలో పెడితే పురుగు తన పిల్లల్ని ఆ నీళ్లలో వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు దాదాపు ఏడాదికి కురుపు లేస్తుంది. అంటే ఈ ఏడు చేసిన తప్పు వచ్చే ఏడు గాని బయటపడదు.

నేను మొదట వెళ్లిన ఊరి పేరు రాయను. పోయిన రోగం పేరుతో ఊరిని గుర్తు చేయడం నాకిష్టం లేదు. అక్కడ తాగేందుకు ఒకటే దిగుడుబావి. ఆడవాళ్లు మెట్లు దిగి, మోకాటిలోతు నీళ్లలో నిలబడి కుండలు ముంచుకునేవారు. ఇల్లిల్లూ తిరిగి కురుపులున్నవారి పేర్లు రిజిస్టరులో రాసుకున్నాను. పటేలు చావడి దగ్గర ఉత్తర్వు చదివించి, సుంకరితో డప్పు వేయించాను. కురుపు ఉన్నవారు బావిలో దిగరాదు, దిగితే జుర్మానా. మా నిబంధనల పుస్తకంలో ఉన్నదీ అదే. చేతులు దులుపుకుని సైకిలెక్కాను.

నెల తర్వాత తనిఖీకి వెళితే బావి మెట్ల మీద ఒక్క కుంటికాలు కనబడలేదు. నా మాటకు ఇంత విలువుందా అని మీసం దువ్వుకున్నాను. అప్పుడు వచ్చాడు వడ్ల పోశెట్టి.

నాగళ్లు, బండిచక్రాలు చేసే వడ్రంగి ఆయన. యాభై దాటాయి. మెడలో తులసిపూసలు. విఠలుడి పేర అలా పూసలు వేసుకున్నవాళ్లు ఊళ్లో పన్నెండు మంది ఉండేవారు. ఏటా జ్యేష్ఠంలో తాళాలు వాయించుకుంటూ కాలినడకన బయలుదేరి, ఆషాఢ ఏకాదశికి పండరి చేరుకునేవారు. ఆ గుంపుకు ఆయన పెద్ద.

“సాబ్, మీరు రోగాన్ని ఆపిండ్రో లేదో నాకెర్కలే. నీళ్లయితే ఆపిండ్రు. జర నా ఎంబడి రాండ్రి,” అన్నాడు.

ఊరి చివర కూలివాళ్ల వాడకు తీసుకుపోయాడు. అక్కడ లసుంబాయి అనే విధవరాలు గుడిసె ముందు కూర్చుని ఉంది. రెండు పాదాలకూ కురుపులు. పక్కన ఎనిమిదేళ్ల కూతురు. నీళ్లెక్కడివని అడిగితే గుడిసెల వెనక బర్రెలు పొర్లే మడుగు చూపించింది. కురుపు కాళ్లతోనే అందులో దిగి ముంచుకుంటోంది, తల్లీబిడ్డా అవే తాగుతున్నారు. వాడలో కురుపులున్న ప్రతి ఇంటిదీ అదే కథ.

“డప్పేసి బాయిల దిగద్దంటిరి గద సారూ. జుర్మాన నేనేడికెల్లి కట్టాలె?” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఒప్పుకునే వయసు కాదు. రోగం సంగతి చూడటమే నా డ్యూటీ గాని నీళ్లు మోయించడం కాదన్నాను. పోశెట్టి కోపగించుకోలేదు. “గట్లయితే గా పని మేం జూస్కుంటం సాబ్,” అన్నాడంతే.

ఆ సాయంత్రం భజనకు నన్నూ కూర్చోమన్నాడు. పండరి ప్రయాణం నాలుగు రోజుల్లో ఉంది, మూటలు కట్టి ఉన్నాయి. ఈ ఏడు నడక మానేద్దామన్నాడు పోశెట్టి. బావి మీద తాను గిరకలు వేస్తాడు. వానలు పడి కురుపులు మానేదాకా వంతులు వేసుకుని అందరికీ తామే చేది పోయాలి, ఎవరూ మెట్లు దిగరాదు. గుంపులో డెబ్బై దాటిన దేవన్న ఒప్పుకోలేదు. “నాకీ ఏడే ఆఖరుదో ఏమో పోశెట్టీ. దర్శనం లేకుంట ఎట్లుండాలె?”

“నువ్వు పో కాకా, నేనద్దన. నేనైతే పోను. గా విఠలుడు ఎన్ని యుగాలసంది ఇటుక మీద నిలబడ్డడు, ఇంకో ఏడు నిలబడ్తడు. లసుంబాయికి నిలబడ కాళ్లు లెవ్వు.”

మూడో రోజుకు బావికి అడ్డంగా రెండు దూలాలు, వాటికి మూడు గిరకలు వచ్చాయి. మెట్లకు తుమ్మకంప అడ్డం వేశారు. తెల్లారి నేను వెళ్లేసరికి మొదటి గిరక దగ్గర తాడు పట్టుకుని ఉన్నది దేవన్న. కుండ మూతికి రెండు మడతల గుడ్డ కట్టి వడపోయడం నేను నేర్పాను. రెండు రోజులు నేనూ చేదాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇదివరకు ఎవరి కుండ వారు ముంచుకునేవారు, ఇప్పుడు అందరికీ అవే బొక్కెనలు. వాడవాళ్ల కుండలు దూరంగా ఉండాలని, వాళ్లకు వేరే బొక్కెన పెట్టాలని పటేలు అభ్యంతరం చెప్పాడు. “తులసిపూసలు ఏసుకున్నంక నాకు ఊరేంది, వాడేంది పటేలా? బాయొక్కటే, బొక్కెనొక్కటే. మీకు గిట్టకుంటే మడుగుల మస్తు నీళ్లున్నయి,” అన్నాడు పోశెట్టి. రెండు రోజులు బింకంగా ఉండి, మూడో రోజు పటేలు ఇంటి కుండలూ వరసలోకి వచ్చాయి. నడవలేనివాళ్ల ఇళ్లకు కావడితో మోసుకుపోయారు. ఆషాఢ ఏకాదశినాడు సగం మంది తాళాలు వాయిస్తుంటే సగం మంది చేదారు. ఆ గట్టు మీద వాళ్లతో నిలబడినందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

మరుసటి ఏడు మళ్లీ సర్వే. ఊరి వైపు పేర్లు బాగా తగ్గాయి. హెల్త్ ఆఫీసరు నన్ను మెచ్చుకుంటూ రాశారు. వాడలో మాత్రం తగ్గలేదు. అంతకుముందెన్నడూ కురుపు రాని పిల్లల పేర్లు కూడా చేరాయి, వాటిలో లసుంబాయి కూతురిది ఒకటి. ఆ కురుపులు పోశెట్టి గిరకల నీళ్లు ఇచ్చినవి కావు. నా ఉత్తర్వుకు జడిసి ఆ నెలంతా తాగిన మడుగు నీళ్లు ఇచ్చినవి. ఆ పిల్ల కాలికి పుల్ల చుట్టి నేనే లాగాను. నాకు సిగ్గేసింది. పోశెట్టి పేరూ, నా తప్పూ రెండూ రాసి రిపోర్టు పంపాను. జవాబు రాలేదు.

ఆ ఏడు ఆరుగురు పండరికి నడిచారు, వారిలో దేవన్న ఒకడు. ఆరుగురు గిరకల దగ్గర ఉన్నారు. గిరకలు ఇక తీయలేదు. మూడో ఏడు సర్వేలో వాడ పేజీలో రాయడానికి ఒక్క పేరు లేదు. నా ఉద్యోగంలో నేను ఇంతకన్నా గర్వంగా సంతకం చేసిన కాగితం మరొకటి లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫలానా పని చేయరాదని ఎవరికి ఉత్తర్వు ఇచ్చినా, వాళ్లకు ఆ పని ఎవరు చేసిపెడతారో కింద పేరుతో సహా రాయించాను. ఆ పేరు దొరకనప్పుడు ఉత్తర్వు ఇవ్వలేదు.