అయిదు ఐకాన్ల దీపం

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మిషన్ బడిలో టీచరైన మా నాన్నకు మరీ బాగా తెలుసు. కంప్యూటర్ పనిలో చేరతానంటే మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా ఉద్యోగం ఖాయం కాకపోతే నోరు మూసుకుని టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళాలి. పెద్ద ధీమాగా సరేనన్నాను.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదురు సందులో, రెండో అంతస్తులో మా ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, ఒక కోపిష్టి ఓనరు. దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళం. ఆ రోజుల్లో తెర మీద ఏదో ఒకటి కదలకపోతే కస్టమర్‌కి తృప్తి ఉండేది కాదు.

మూడు నెలలు నిండే శనివారం నాటికి నా చేతిలో ఉన్నది ఒకటే పని. ఇత్తడి సామాన్లు అమ్మే ఒకాయన, మొదటి పేజీలో వెలిగే దీపం కావాలన్నాడు. అది ఆయనకు నచ్చితేనే నేనుంటాను, లేకపోతే లేదని ఓనరు తేల్చేశాడు. అంతకుముందు ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను కొనుక్కున్న సీడీలో అయిదు దీపం ఐకాన్లు దొరికాయి. ఐకానంటే గోరంత బొమ్మ. ఒక్కోదాన్ని గిఫ్ అనే రకం ఫైలుగా మార్చి, వరుసలో పేర్చి, ఏది ఎంతసేపు కనబడాలో చెబితే బొమ్మ కదులుతుంది. చెప్పడానికి తేలికే. మార్చినప్పుడల్లా దీపం చుట్టూ నల్లటి డబ్బా వచ్చేది. దాన్ని చుక్క చుక్కగా చెరపాలి. రెండు చుక్కలు చెరిపి లేచేదాన్ని, కిటికీలోంచి బస్సులు చూసేదాన్ని, గడియారం చూసి మళ్ళీ కూర్చునేదాన్ని. నా మీద నాకే విసుగొచ్చింది.

నాలుగు బొమ్మల్లో మంట అటూ ఇటూ ఊగుతుంది. అయిదోదాంట్లో మంటే లేదు, వట్టి కుంది. దాన్ని చివర పెడితే దీపం ఆరి వెలుగుతూ మహా జోరుగా ఉంది. భలే కుదిరిందని మురిసిపోయాను. పుట్టినరోజుకి కొవ్వొత్తి ఊదేసి చప్పట్లు కొట్టే ఇంట్లో పెరిగినదాన్ని. నాకింకేం తోస్తుంది?

శనివారం మధ్యాహ్నం ఇత్తడి సామాన్లాయన వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. నాంపల్లి దవాఖానాలో ఉన్న తండ్రికి అన్నం ఇచ్చి, అట్నుంచి అటే వచ్చారట. ఆయనకు దీపం తెగ నచ్చింది. ఓనరు నావైపు చూసి తల కూడా ఊపాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆమె మాత్రం తెరకేసి చూస్తూ చూస్తూ లేచి వెళ్ళి ఫ్యాను ఆపేసింది. తిరిగొచ్చేసరికి దీపం మళ్ళీ ఆరింది.

"గాలి లేదు గద. మరెందుకు పోతున్నది బిడ్డా?"

అది బొమ్మేనని, మళ్ళీ అదే వెలుగుతుందని చెప్పాను. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది.

"మా ఆయన దవాఖానల పడున్నడు. నా కండ్ల ముంగట దీపం గట్ల పోనియ్యకు."

ఇంకెవర్నీ అడక్కుండా అయిదో బొమ్మ తీసేశాను. దీపం నిదానంగా ఊగుతూ నిలిచింది. కొడుక్కి అది నచ్చలేదు. అమ్మవన్నీ చాదస్తాలనీ, ఆరి వెలిగితేనే చూసేవాళ్ళ కన్ను పడుతుందనీ, ముందు ఉన్నట్టే పెట్టమనీ అన్నాడు. ఓనరు కూడా పెట్టమన్నాడు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది. నాకు ముక్కు మీద కోపం. పెట్టనన్నాను. అయితే సోమవారం నుంచి రావద్దన్నాడు ఓనరు. వాళ్ళందరూ చూస్తుండగానే కంప్యూటర్లోంచి ఆ అయిదో బొమ్మ తుడిచేసి, నా సీడీ నేను తీసుకుని మెట్లు దిగాను.

బస్సులో సికింద్రాబాద్ దాకా నేను చేసింది ఒప్పేనని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఇంట్లో ఉద్యోగం పోయిందని చెబితే నాన్న తిట్టలేదు. ఎందుకు పోయిందని కూడా అడగలేదు. బీరువా తెరిచి ట్రైనింగ్ దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు. గుండ్రటి అక్షరాలతో అంతా నింపేసి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. కింద తేదీ చూశాను. నేను ఉద్యోగంలో చేరిన మర్నాటిది.

ఉద్యోగం పోయినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నాన్న పెన్ను అందించాడు. తీసుకోలేదు. సోమవారం ఎప్పటికన్నా ముందే లేచి అబిడ్స్ బస్సెక్కాను, ఇంకో ఆఫీసు వెతుక్కోవడానికి.