వాది ఇంట్లో ప్రతివాది కాఫీ

కరోనాకు ముందటి ఏడాది, వేసవి సెలవులయ్యి కోర్టులు తెరిచిన రెండో వారంలో, రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ సివిల్ జడ్జి గారు నన్ను ఒక దావాలో అడ్వకేట్ కమిషనరుగా నియమించారు. కమిషనరు అనగానే మా బంధువుల్లో కొందరు కారూ బంట్రోతూ ఇస్తారనుకునేవారు. నాకు దక్కేవి కోర్టు ముద్ర వేసిన వారంటు, కొలతల టేపు, ఎండలో ఆటో ప్రయాణం. జడ్జి గారు ప్రతి ఇంటికీ వెళ్లి చూడలేరు కాబట్టి ఆయన బదులు ఒక ప్లీడరు వెళ్లి, కంటికి కనిపించింది కనిపించినట్టు రాసి తేవాలి. అభిప్రాయాలు చెప్పకూడదు, తీర్పులు అసలే ఇవ్వకూడదు. ముప్పై ఏళ్లు ప్లీడరీ చేసిన మనిషి అభిప్రాయం చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో మా ఆయన్ని అడగాలి.

దావా వేసినావిడ పేరు సుజాత. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఎక్కువగా నైట్ డ్యూటీలు కావడంతో ఊరంతా మేలుకుని ఉండే వేళలో ఆవిడ నిద్రపోవాలి. దానవాయిపేటలో మేడ మీద వాటా అద్దెకు తీసుకుని ఒక్కర్తే ఉంటోంది. ఇంటి ఓనరు గారు విశాఖలో ఉంటారు. ఇల్లు అమ్మే ఆలోచన వచ్చి, వ్యవహారమంతా సత్తిబాబు అనే ఇళ్ల బ్రోకరుకు అప్పగించి, రెండో తాళంచెవి కూడా ఆయన చేతిలోనే పెట్టారు. అప్పటినుంచి కబురూ కాకరకాయా లేకుండా బేరగాళ్లను వెంటబెట్టుకుని సత్తిబాబు ఆ ఇంటికి రావడం మొదలైంది. సుజాత గారు లోపల గడియ పెట్టించుకుంటే, ఆవిడ డ్యూటీలో ఉండగా అది ఊడిపోయింది. బ్రోకరూ ఓనరూ చెప్పకుండా లోపలికి రాకూడదని ఇంజంక్షన్ ఇవ్వండని ఆవిడ కోర్టుకొచ్చింది.

ఓనరు మొదటి ప్రతివాది, సత్తిబాబు రెండో ప్రతివాది. వాది లేనప్పుడు తామెన్నడూ ఆ ఇంట్లో అడుగు పెట్టలేదనీ, తాళంచెవి అత్యవసరం కోసమే ఉంచుకున్నామనీ, గడియ సంగతి తమకు తెలియదనీ ఇద్దరూ జవాబుగా కౌంటరు వేశారు. ఆవిడ మాటకు సాక్షులు లేరు. పిటిషన్ కొట్టేస్తే ఇల్లు ఖాళీ చేయడం ఒక్కటే దారి. ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా అనడం తేలికే. రాత్రంతా బయట ఉండి తెల్లారి ఇంటికొచ్చే ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వడానికి మన వీధుల్లో ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తలుపు లోపలివైపు గడియ ఉందా, ఊడదీసిన గుర్తులున్నాయా చూసి రమ్మన్నది నాకిచ్చిన వారంటు. కోర్టు ముద్ర చేతిలో ఉన్నా, ఇరుపక్షాల ప్లీడర్లకూ తేదీ, వేళా రాసి నోటీసు ఇవ్వకుండా కమిషనరు గడప తొక్కకూడదు. తొక్కితే ఆ రిపోర్టు నిలవడం కష్టం. నేను పదకొండు గంటలకు వస్తానని నోటీసు ఇచ్చాను. కోర్టు పనికి కాస్త ముందే చేరుకోవడం నాకలవాటు. మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. హాలు దాటి వంటగది దాకా తిన్నగా కనిపిస్తోంది. పొయ్యి దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకాయన పాలు కాస్తున్నాడు.

"రండి రండి మేడమ్ గారూ! ఎండలో వచ్చారు. ఫ్యాన్ కింద కూర్చోండి, చిటికెలో కాఫీ పట్టుకొచ్చేస్తాను" అన్నాడు. వాది అన్నగారేమో అనుకుని పేరు అడిగాను. "సత్తిబాబునండి" అన్నాడు, నవ్వుతూ.

నేను వరండాలోనే నిలబడిపోయాను. ఆయన వెతుక్కోకుండా పై అరలో వెనక వరసనుంచి పంచదార డబ్బా తీశాడు. స్టాండులో స్టీలు గ్లాసులు వదిలేసి, అతిథులకని అలమరలో దాచిన పింగాణీ కప్పులు తీశాడు. మా ఇంట్లో మంచి కప్పులెక్కడున్నాయో మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. అతి వినయం ధూర్త లక్షణం అంటారు గానీ, సత్తిబాబుది ధూర్తత్వం కాదు, అసలు సిసలు గోదావరి మర్యాద. కోర్టువారు గుమ్మంలోకి వస్తే కాఫీ నీళ్లైనా ఇవ్వకుండా నిలబెట్టడం ఆయన వల్ల కాదు. ఎవరి గుమ్మం అన్నదే ఆయనకు తట్టలేదు. కమిషనరు ఏ పక్షంవారి దగ్గరా మంచినీళ్లు కూడా తీసుకోకూడదన్నది మా కట్టుబాటు, వద్దన్నాను. చిన్నబుచ్చుకున్నాడు పాపం.

అంతలో సుజాత గారు, ఆ రోజు డ్యూటీ ఆలస్యంగా దిగి, తిన్నగా మెట్లెక్కి వచ్చింది. చేతిలో తాళంచెవి పట్టుకునే ఉంది. తలుపు చూసింది, లోపల మనిషిని చూసింది. చెప్పులు విడిచి, గడప ఇవతలే నిలబడి కాలింగ్ బెల్ నొక్కింది. సత్తిబాబు కప్పు పట్టుకుని బయటికొచ్చి, "రండమ్మా, లోపలికి రండి. మీకూ కాఫీ కలపమంటారా?" అన్నాడు.

ఆవిడ వెనకే ఆయాసపడుతూ వస్తున్న ప్రతివాదుల ప్లీడరు గారు ఆ మాట విన్నారు. తన క్లయింటు చేతిలో కప్పు చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. పెద్దాయన మీద నాకు నిజంగా జాలేసింది.

సుజాత గారు గొంతు పెంచలేదు. "మీరు కమిషనరు గారాండీ? లోపలికి రండి" అని నన్ను పిలిచాకే నేను లోపలికి వెళ్లాను. గడియ ఉండాల్సిన చోట మేకుల చిల్లులు, కొత్తగా లేచిన పెచ్చు కనిపించాయి. కొలిచి రాసుకున్నాను. నేను రాసుకుంటుంటే ఆవిడ ఒక్క సంగతి చెప్పింది. "ఓసారి నిద్దట్లో మాటలు వినపడి కళ్లు తెరిచానండి. ఎవరో ముసలాయన, ఇద్దరాడవాళ్లు గదిలో నిలబడి మంచం ఎటు తిప్పి వేసుకోవాలా అని మాట్లాడుకుంటున్నారు. నేనేమో మంచం మీదే ఉన్నానండి." నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఆ రోజునుంచి గది తలుపుకు బల్ల అడ్డంపెట్టి పడుకుంటోందట.

రిపోర్టు దగ్గర నన్ను మూడువైపులా లాగారు. 'అక్రమంగా ప్రవేశించి' అని రాయమని వాది ప్లీడరు పట్టుబట్టాడు. అక్రమమో సక్రమమో తేల్చేది జడ్జి గారు, నేను కాదన్నాను. మర్యాదకు చేసిన పనిని రికార్డుకెక్కించడం భావ్యం కాదని ప్రతివాదుల ప్లీడరు గారు బతిమాలారు. "కాఫీ ఇచ్చిన పాపానికి కేసులో ఇరికించేస్తారాండీ?" అని సత్తిబాబు వాపోయాడు. చివరికి చిల్లుల కొలతల కింద ఇలా రాశాను: "నేను వెళ్లేసరికి వీధి తలుపు తెరిచి ఉన్నది. రెండవ ప్రతివాది వంటగదిలో కాఫీ కలుపుచున్నారు. వాది అప్పటికి రాలేదు. కాఫీ ఇవ్వబోగా నేను తీసుకొనలేదు."

ప్రతివాదులు అభ్యంతరాలు దాఖలు చేశారు. వాయిదా రోజున పెద్దాయన లేచి, కమిషనరు చూడవలసినవి భౌతిక లక్షణాలు మాత్రమేననీ, కాఫీ భౌతిక లక్షణం కాదనీ గట్టిగా వాదించారు. హాల్లో నవ్వులు లేచాయి. జడ్జి గారు కుర్రవాడే గానీ తొణకని మనిషి. "ఒప్పుకుంటున్నానండి, కాఫీ కాదు. మరి వాది తాళం వేసి వెళ్లిన తలుపు తెరిచి ఉండడం?" అని అడిగారు. కోర్టు పంపిన కమిషనరే నోటీసు ఇచ్చి, పిలిచాక లోపలికి వెళ్లినప్పుడు, ఇల్లు చూపించే బ్రోకరుకు అంతకన్నా ఎక్కువ అధికారం ఎక్కడిదని కూడా జడ్జి గారు అన్నారు.

దావా తేలేదాకా ఇంజంక్షన్ ఇచ్చారు. ఇల్లు చూపించాలంటే ముందురోజు రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆవిడకు వీలైన వేళ, ఆవిడ సమక్షంలోనే రావాలి, గడియ తిరిగి బిగించాలి. తాళంచెవి అప్పుడే ఇచ్చేస్తామని ప్రతివాదుల ప్లీడరు గారు తమంతట తామే ఒప్పుకున్నారు.

సత్తిబాబు నడుముకున్న తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. గుప్పెట్లో పట్టనంత గుత్తి. అన్నీ జనం కాపురముంటున్న అద్దె ఇళ్లవే. సుజాత గారిది ఏదో ఆయనకే గుర్తులేదు, ఒక్కొక్కటీ వెలుతురులోకి పెట్టి చూసుకున్నాడు. చివరికి ఒకటి తీసి ఆవిడకిచ్చి నమస్కారం పెట్టాడు. మిగతా గుత్తి మళ్లీ నడుముకు తగిలించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు, ఆపే అధికారం ఆ హాల్లో ఎవరికీ లేదు. చట్టం ఇచ్చిన హక్కు అద్దెకున్న ప్రతివారికీ ఉంటుంది గానీ, కోర్టు ఉత్తర్వు అడిగినవారి తలుపు వరకే పనిచేస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను.