మా గిర్ని అత్తకు భయం పట్టిన ఎండాకాలం

నిన్న పొద్దున్నే మా మేనత్త ఫోన్ చేసి, ఇంట్లో ఒక్కతే పడుకోవాలంటే భయమవుతోందని చెప్పింది. ఇంకెవరైనా ఆ మాట అంటే మనసు కలుక్కుమంటుంది. నేను మాత్రం క్యాలెండర్ వైపు చూశాను. ఏప్రిల్ నెలాఖరు. యూనివర్సిటీ హాస్టళ్లు మూసే రోజులు. మా అత్తకు భయం ఏటా ఈ కాలంలోనే వస్తుంది, మామిడికాయల్లాగా.

ఆమెకు పాలమూరులో ఒక పిండి గిర్ని ఉంది. ముందు గిర్ని, వెనుక రెండు గదులు, నడుమ చిన్న వాకిలి. మామయ్య పోయినప్పుడు చుట్టాలంతా చేరి, ఆడమనిషి ఒక్కతే గిర్ని ఎట్లా నడుపుతుందని దిగులుపడుతుంటే, "గిర్ని నడిపేది కరెంటు. మొగోడు గాదు గద" అని లేచి మోటారు వేసిందట. ఆ చప్పుడులో చుట్టాల దిగులు ఎవరికీ వినపడలేదు. రోజంతా ఆ మిషన్‌ను మించి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఎట్లా తయారైందంటే, చెవిలో రహస్యం చెప్పినా పక్క గల్లీవాళ్లు జవాబిచ్చేవాళ్లు. కనురెప్పల మీద ఎప్పుడూ పిండి. మిరపకాయలు పట్టే రోజు దారిన పోయేవాళ్లు తుమ్మి మరీ పోవాల్సిందే, ఆమె మాత్రం తుమ్మదు. ఒకసారి జొన్నల బస్తాల వెనక నుంచి పాము వచ్చింది. గిరాకీలంతా డబ్బాలు వదిలేసి రోడ్డెక్కారు. మా అత్త చీపురుతో దాన్ని వాకిలి దాటిస్తూ, "గిరాకి టైముల నీకేం పనే ఈడ? పో" అంది. ఇంకోసారి దొంగ వస్తే, బస్తా సరిగ్గా ఎత్తరాదని తిట్టి పంపింది. ఆమె ధైర్యం గురించి ఇంతకంటే చెబితే అతిశయోక్తి అనుకుంటారని ఇక్కడితో ఆపుతున్నాను.

ఇంతటి మనిషికి భయం ఎట్లా పట్టిందో చెప్పాలంటే తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు వచ్చిన ఒక ఎండాకాలానికి పోవాలి. అప్పటికే నేను ఊరి బయటి యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగం కాంట్రాక్టుది, ఆశ పర్మినెంటుది. రెండూ ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. ఆ ఏడు నీళ్లకు కరువొచ్చి హాస్టల్ ముందే మూశారు. చివరి పరీక్షలు వెనక్కి జరిగాయి. పిల్లలంతా మూట సర్దుకుని ఇళ్లకు పోయారు, నాకు తెలిసినంతలో ఒక్కతి తప్ప. ఎమ్మెస్సీ చదివే అమ్మాయి, కొల్లాపూర్ దిక్కు చిన్న పల్లె. ఆమెకు ఇల్లు లేదని కాదు, ఇంటికి తాళం ఉంది. అమ్మానాయినలు పట్నంలో బిల్డింగు పనికి వలసపోయారు. మా దిక్కు ఎండాకాలంలో కొన్ని ఇళ్లలో తాళాలు మాత్రమే కాపురం చేస్తాయి. ఆ అమ్మాయి పట్నం పోతే రేకుల షెడ్డులో తల్లి పక్కన ఇటుకలు మోయాలి, పరీక్షలు మరిచిపోవాలి. ఉంటే ఎక్కడుండాలి, ఏం తినాలి?

ఉంది. ఎవరికీ చెప్పకుండా ఉంది. పగలు డిపార్ట్‌మెంటు లైబ్రరీలో చదువుకునేది. మధ్యాహ్నం కూలర్ దగ్గర సీసా నింపుకుని, అన్నం తిన్నంత నిదానంగా నీళ్లు తాగేది. సాయంత్రం తలుపులకు తాళం పడితే బస్టాండులో ఆడవాళ్లు కూర్చునే గదికి పోయేది. మా ఆఫీసులో పనిచేసే అటెండరమ్మ ఇది కనిపెట్టి నాకు చెప్పింది. చదువుకున్నవాళ్లకు ఇట్లాంటప్పుడు తోచే ఉపాయం ఒక్కటే. జేబులో చెయ్యి పెట్టాను. ఆ అమ్మాయి నవ్వి, "నాకేం తక్కువ లేదు సార్" అంది. ఆ నవ్వు చూసి నా చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. మర్నాడు అటెండరమ్మ ఇంకో మాట మోసుకొచ్చింది: "శనివారం బస్సుకు వాళ్లమ్మ తానికి పోతదట సార్. పరీక్షలు రాయదట."

ఆ సాయంత్రం మా అత్త ఇంట్లో రొట్టె తింటూ ఈ సంగతి చెప్పాను. ఆమె రొట్టె చరుస్తూనే వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఆ పిల్ల నోరు తెరిచి అడుగుతదా?"

"చచ్చినా అడగదు అత్తా."

"మంచిది. అయితె నేనే అడుగుత" అని రొట్టె తిప్పేసింది.

ఏం అడుగుతుందో నాకు అర్థం కాలేదు. మర్నాడు పిండి పట్టిన చీరతోనే డిపార్ట్‌మెంటుకు వచ్చి, సొంత మేనల్లుడినైన నన్ను ఎన్నడూ ఎరగనట్టు చూసి, లైబ్రరీ దద్దరిల్లేలా మొదలుపెట్టింది. "సారూ, మీ పిల్లలల్ల ఎవరన్న ఉంటె జర సూడుండ్రి. ఇంట్ల ఒక్కదాన్నే ఉంట. పండుకోవాలంటె పానం గజగజ వణుకుతాంది. ఒక ఆడపిల్ల తోడుంటె పుణ్యముంటది." నేను చేతిలోని పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అది తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది. లైబ్రరీలో అప్పుడు ఉన్న ఆడపిల్ల ఒక్కతే. ఆమె పుస్తకం మూసి, "దేనికి భయం పెద్దమ్మా?" అని అడిగింది. ఈ ప్రశ్నకు మా అత్త తయారై రాలేదు. కాసేపు పైకప్పు చూసి, "అన్నిటికి" అంది.

"నాకు పరీక్షలున్నయి పెద్దమ్మా. సదువుకోవాలె."

"సదువుకో బిడ్డా. లైటు ఎలుగుతుంటె నాకు గూడ ధైర్యం. కాని తిండి మాత్రం నా ఇంట్లనే తినాలె. తోడుండెటోళ్లు ఉపాసముంటె ఇంటికి మంచిది గాదు."

అట్లాంటి ఆచారం ఒకటి ఉందని నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. అమ్మాయి ఆ సాయంత్రమే బ్యాగుతో వచ్చింది. శనివారం బస్సు ఆమె లేకుండానే పోయింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది, మా అత్తకు. ఆ అమ్మాయి చేసే పని ఏదైనా శ్రద్ధగా చేసే రకం. తలగడ పక్కన రోకలి పెట్టుకుంది. మా అత్త కూరగాయలకు పోతే వెంట పోయేది, పెరట్లోకి పోతే టార్చి పట్టుకుని నిలబడేది. ఇన్నేళ్లు తన ఇష్టారాజ్యంగా తిరిగిన మనిషి, "అల్లుడా, పోలీసు పహరా గూడ గింత ఉండదురా" అని నా దగ్గర మొత్తుకుంది. భయపడటం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఒకరోజు బల్లి మీద పడ్డప్పుడు ఆమె అరుపు తిట్టుగా మొదలై, నడుమ సంగతి గుర్తొచ్చి, "అమ్మో" అని ముగిసింది. ఇక తిండి సంగతి. ఒక ధాన్యం పట్టి ఇంకొకటి పోసేటప్పుడు గిర్ని కడుపులో కొంత పిండి మిగులుతుంది. జొన్న, గోధుమ, సజ్జ, శనగ అన్నీ కలిసిన ఆ పిండితో చేసిన రొట్టెలు మా అత్త ఇంట్లో తప్ప లోకంలో ఎక్కడా దొరకవు. ఒక్కోసారి నిన్నటి మిరపకాయల జ్ఞాపకం కూడా తగిలేది. వాటికి పచ్చిపులుసు తోడైతే మాటలుండవు. చూస్తుండగానే అమ్మాయి బుగ్గలకు నిండు వచ్చింది.

కొన్నాళ్లకు ఆమె నసుగుతూ, తన దోస్తు ఒకామెకు కూడా ఉండే జాగా లేదని చెప్పింది. మా అత్త పెద్దగా నిట్టూర్చి, "ఒక్కరితోని నా భయం ఆగుతలేదు బిడ్డా. నేనే అడుగుదామనుకుంటున్న" అంది. ఇద్దరయ్యారు. అంతలో ఇంకో ఇద్దరు పిల్లల సంగతి తెలిసింది. బస్తాలు పోను మా అత్త ఇంట్లో చాప పరిచే చోటు కూడా అయిపోయింది. అప్పుడు పక్కింటి కుట్టుమిషన్ ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "అక్కా, నీ భయం అంటురోగమా ఏంది? నాకు గూడ మొదలైంది" అంది. లోపలి నుంచి ఆమె భర్త, "నేను ఇంట్ల ఉండంగ నీకు భయమేందే?" అన్నాడు. "నువ్వున్నవనే" అని ఆమె మిషన్ తొక్కుకుంది. ఆయన పరుపు మిద్దె మీదికి పోయింది, గదిలోకి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఆ ఎండాకాలం మా అత్త గల్లీలో ధైర్యవంతురాలైన ఆడది ఒక్కతీ మిగల్లేదు. నేను చాలా సభలకు పోయాను, దానధర్మాల మీద చాలా ఉపన్యాసాలు విన్నాను. మైకు లేకుండా ఇంత పని జరగడం మాత్రం అక్కడే చూశాను.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక సాయంత్రం నేను చాయ్ తాగుతున్నాను. మా అత్త గుమ్మంలో పిండి జల్లిస్తోంది. ఆ అమ్మాయి బస్తాల పక్కన కూర్చుని చదువుకుంటోంది. బస్తా అడుగు నుంచి ఒక తేలు బయటికి వచ్చి ఆమె కాలివైపు నడిచింది. నేను నోరు తెరిచేలోపల మా అత్త చెప్పు తీసి ఒక్కటే దెబ్బ వేసింది. చచ్చిన తేలును తోక పట్టుకుని గోడ అవతలికి విసిరి, చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్లీ జల్లెడ అందుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

జల్లెడ ఆగింది. అమ్మాయి చూస్తోంది. పామును, దొంగను చూసి చలించని ఆ ముఖంలో నిజమైన భయం నేను మొదటిసారి చూశాను. అబద్ధం బయటపడింది. ఇక ఈ పిల్ల బ్యాగు సర్దుకుంటుంది, బస్టాండుకో ఇటుకల దగ్గరికో పోతుంది, పరీక్షలకు ముందు ఇంత పని చేసుకున్నానే అని ఆ ముఖం చెబుతోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి.

అమ్మాయి పుస్తకం మూసింది. లేచి లోపలికి పోయింది. బ్యాగుకే అనుకున్నాను. చెంబుతో నీళ్లు తెచ్చింది.

"గింత భయపడితె ఎట్ల పెద్దమ్మా? సూడు, చేతులు ఎట్ల వణుకుతున్నయో. మేమున్నం గద. తాగు."

మా అత్త తాగింది. గిర్ని నడిపే మనిషి ఏ మాటా లేకుండా ఒకరు చెప్పినట్టు వినడం కూడా నేను అదే మొదటిసారి చూడటం. అమ్మాయి మళ్లీ బస్తాల పక్కకు పోయి, ఆపిన చోట వేలు పెట్టి చదువు మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఎప్పటి నుంచి తెలుసు? తేలు నాడా, బల్లి నాడా, లేక లైబ్రరీలో "అన్నిటికి" అన్న నాడేనా? నేను అడగలేదు. ఇచ్చేవాళ్ల పెద్దమనసు గురించి చాలా చదివాను. తీసుకునేవాళ్ల పెద్దమనసు చూసింది మాత్రం ఆ పూటే. నా చాయ్ చల్లారిపోయింది. అట్లాగే తాగేశాను.

ఆమె పరీక్షలు రాసింది, పాసయింది. ఇప్పుడు ఒక గురుకులంలో లెక్కలు చెబుతోంది. పాలమూరు వస్తే నేరుగా గిర్నికే పోతుంది. పోగానే మొదట అడిగే మాట: "పెద్దమ్మా, భయం ఎట్లున్నది?" మా అత్త చెప్పే జవాబు: "గట్లనే ఉన్నది బిడ్డా, తగ్గుతలేదు."

నిన్న ఫోన్‌లో ఆ గొంతు ఎప్పటిలాగే గల్లీ దాటి వినిపించింది గానీ, చివర ఎక్కడో కొంచెం జీర ఉంది. మోకాళ్లు సహకరించడం లేదని, మోటారు వేసే పని ఒక మనిషికి అప్పగించిందని నాకు తెలుసు. అందుకే అడిగాను.

"అత్తా, నిజం చెప్పు. ఇది ఎప్పటి భయమేనా, అసలు భయమా?"

"గీ వయసుల రెండు ఉంటయి అల్లుడా" అంది. "ముగ్గురిని పంపు."

పొద్దుగూకకముందే బ్యాగులతో పంపించాను. కాలం ఎంత మొండివాళ్లకైనా భయం నేర్పకుండా వదలదంటారు. నిజమే కావచ్చు. కానీ మా అత్తకు నేర్పుదామని వచ్చిన పూట, ఇల్లంతా చాపలు పరుచుకుని చదువుకుంటున్న ఆడపిల్లలను చూసి, లోపలికి రావడానికి జాగా లేక ఆ కాలం కూడా గుమ్మంలోనే కాసేపు నిలబడి ఉంటుందని నా అనుమానం.